నాట్ల కాలపు నొప్పులు

కొన్నేళ్ల క్రితం, వానాకాలం మొదట్లో, బీజాపూర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దు దగ్గరి ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి నన్ను ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. కరెంటు పోతే మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి జరిపి, దాని అద్దాన్ని వెలుతురుకు తిప్పుకునేదాన్ని. రోజంతా మలేరియా స్లైడ్లే. ఆ కిటికీలోంచి వచ్చే తడిమట్టి వాసన ఇప్పటికీ మనసులో మెదులుతుంది.

ఒక ఉదయం లచ్చమ్మ అనే రైతు తన కోడలు సమ్మక్కను తీసుకొచ్చింది. కోడలు కీళ్లు, నడుము పట్టేసి నిలబడలేకపోతోంది. స్లైడు చూసి, మలేరియా లేదని చెప్పాను.

“నేను అనలే? దీనికి రోగం లేదు మేడం. నాట్లేసేటప్పుడే నొప్పులంటది. ఎండకాలం బీడీల తునికాకు తెంపనీకి పొమ్మంటే మంచిగనే పోతది. రేపు తల్లిగారింట్ల దింపొస్త” అంది లచ్చమ్మ.

“చల్లనీళ్లల్ల నిలబడితేనే మొదలైతది మేడం” అంది సమ్మక్క, తలెత్తకుండా.

అప్పుడు ఆమె ముఖం పైకెత్తి కళ్లు చూశాను. పచ్చగా ఉన్నాయి; రక్తంలో ఎర్రకణాలు చితికిపోయినా అలా అవుతాయి. డాక్టరుగారికి చెప్పి, సికిల్ సెల్ జబ్బును పట్టే సిక్లింగ్ పరీక్ష పెట్టాను. వేలి నుంచి తీసిన రక్తపు బొట్టులో ఆక్సిజన్‌ను హరించే రసాయనం కలిపి, పైన పల్చటి గాజుబిళ్ల వేసి, గాలి చొరకుండా అంచులు మూసేయాలి. పుట్టుకతో వచ్చే ఆ లోపం ఉన్న రక్తంలోని ఎర్రకణాలు కాసేపటికి వంకర తిరుగుతాయి. ఒంట్లోనూ చలికి, అలసటకు అలాగే వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఆ నొప్పి అందుకే.

కాసేపయ్యాక మైక్రోస్కోపులో లచ్చమ్మనే చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

“ఇవేంది, కొడవళ్ల లెక్క ఉన్నయి?”

గుండ్రంగా ఉండాల్సినవి అలా అయ్యాయని చెప్పాను. ఆమె కోడలి వైపు తిరిగింది.

“గీ నొప్పి పెట్టుకొనే నాట్లేసిందా ఇది?” అంది.

ఈ పరీక్ష రక్తంలో లోపం ఉందని మాత్రమే చెబుతుంది; తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చిన పూర్తి జబ్బా, ఒకరి నుంచే వచ్చిన, అంతగా బాధించని లోపమా అన్నది తేల్చదు. అది తేల్చడానికి నమూనాను జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపాం. పూర్తి జబ్బేనని తేలింది. సమ్మక్కకు మందులు మొదలయ్యాయి. లచ్చమ్మ ఆమెను పుట్టింటికి పంపలేదు. మరుసటి వానాకాలం మందుల కోసం ఇద్దరూ కలిసే వచ్చారు. నాట్లు తాను చూసుకుంటున్నానని, కోడలికి ఇంటి పని అప్పగించానని లచ్చమ్మ చెప్పింది.

రిటైరయ్యేదాకా నేను రోగి వెంట వచ్చినవాళ్ల ఫిర్యాదును కూడా చివరిదాకా విన్నాను. నొప్పి ఎప్పుడొస్తుందో వాళ్లకు బాగా తెలుసు. దాన్ని రోగి చెప్పే సాకు అనుకుని చెబుతారు, అంతే.