బావ ఫోన్లో నా కేక

మా బావ ఫోన్ మోగినప్పుడల్లా నేను ఏడుస్తాను. అతిశయోక్తి కాదు. ఆయన జేబులోంచి వచ్చేది నా గొంతే, నా ఏడుపే: "దిగబడిపోనాను బాబో! ములిగిపోతన్నాను! ఎవులైనా రండర్రా!"

ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే సమయానికి మోగింది. ఒక పెద్దకర్మలో అందరూ తలలు వంచుకుని కూర్చున్నప్పుడు మోగితే, పోయినాయనే పిలుస్తున్నాడనుకుని ఆయన చిన్నకోడలు స్పృహ తప్పింది. టెక్కలి బస్టాండులో మోగితే ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను కాపాడ్డానికి చెప్పులు వదిలేసి పరిగెత్తారు. నేను వాళ్ళ పక్కనే నిలబడి వేరుశనక్కాయలు తింటున్నాను.

ఆ కేక పుట్టింది మందస దాటాక కొండల్లోకి పోయే మట్టిదారిలో. మాది పూండి దగ్గర. కొబ్బరి, జీడి, కాస్త పనస. వాటి మధ్య తిరగడానికి కొన్న పాత జీపుని వానాకాలంలో సరదాకి కొండెక్కించాను. ఒక వాగులో దిగబడింది. నీళ్ళు మోకాళ్ళ దాకానే వచ్చాయని ఇప్పుడు చెప్పగలను గానీ, ఆ పూట ఆ వాగు బంగాళాఖాతానికి పెద్దన్నలా కనబడింది. మా వైపు జీపులున్నవాళ్ళు కొందరు ఒక గ్రూపుగా ఉన్నారు. కొండల్లో ఎవరి బండి దిగబడినా పైసా పుచ్చుకోకుండా వెళ్ళి లాగుతారు. వాళ్ళకి ఫోన్లోనే నోటిమాట రికార్డు చేసి పంపాను. వాళ్ళు వచ్చారు, లాగారు, టీ కూడా పోశారు. దేవుళ్ళు. కానీ ఆ దేవుళ్ళలో ఒకడు నా కేకని ఇంకొకడికి పంపాడు, ఆ ఇంకొకడు మా బావకి పంపాడు.

బావది నందిగాం. మా అక్క మొగుడు. వరి చేలు, జీడి తోటలు, ఎన్నికలొస్తే ఇంటి ముందు చెప్పుల గుట్ట. నిద్రలో కూడా నలగని తెల్లచొక్కా. సాయం అన్న మాట ఆయన చేయడానికే వాడాడు గానీ అడగడానికి పుట్టి బుద్ధెరిగి వాడలేదు. నా కేకని రింగుటోను పెట్టుకుని, తీసెయ్యమని నేను కాళ్ళబేరానికి వస్తే, "ఏటోయ్ బావమరిదీ, నీ గొంతు ఎంత బాగున్నాదో సూడు, తియ్యడానికి మనసొప్పడం నేదు," అన్నాడు.

ఆ మర్నాడే నేను ఆ గ్రూపులో చేరిపోయాను. జీపు ముక్కుకి వించ్ బిగించుకున్నాను. అంటే తాడు చుట్టే యంత్రం. మా ఊళ్ళో జనం సేవాగుణం పుట్టుకొచ్చిందనుకున్నారు. పుట్టుకొచ్చింది పగ. మా బావ కూడా కొండల్లో తిరిగే రకమే. ఏదో ఒక రోజు దిగబడతాడు. ఆ రోజు తాడు నా చేతిలో ఉండాలి. ఆయన నోటంట ఆ మాటలే రావాలి. అవి నా ఫోన్లో రికార్డవ్వాలి. నా బతుక్కి అంతకుమించి కోరికేమీ మిగల్లేదు.

దాని కోసం రెండు వానాకాలాలు నేను లాగని బండి లేదు. ఏనుగు, దాని పిల్ల, రెంటి సామానూ కలిపి పట్టేంత గోతుల్లోంచి లాగాను. ఎక్కడికి వెళ్ళినా ముందు నెంబరు ప్లేటు చూసేవాణ్ణి. బావది కాదు. ఒక నిట్టూర్పు విడిచి, ఆ ఉసూరుతోనే లాగేవాణ్ణి. బరంపురం కుర్రాళ్ళు ఒడియాలో నాకు దణ్ణాలు పెట్టారు. జలంత్రకోట ముసలాయన ఒకడు కొబ్బరిబొండాల గెల నా భుజానికెత్తి, "నీలాటోళ్ళు ఉండబట్టే వానలు కురుత్తన్నాయి బాబూ," అన్నాడు. నేను కూడా వానల కోసమే మొక్కుతున్నానని ఆయనకి చెప్పలేదు.

మొన్నటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ కొత్తబండి ఏసుకుని పొద్దున్నే కొండకెల్లినారురా. దిగబడినట్టున్నారు. అడిగితే, నేదు, గాలి పీల్సుకుంటన్నాను అంతన్నారు."

నేను గ్రూపుకి కబురు పెట్టి, అన్నం చేత్తోనే జీపెక్కాను. చెయ్యి కొండ కింద వాగులో కడుక్కున్నాను.

మా గ్రూపు పెద్ద పలాసలో జీడిపప్పు వ్యాపారి. రోజంతా విరగని గుండు ఒక పక్కకీ విరిగిన బద్ద ఒక పక్కకీ వేసే మనిషి. నియమం అంటే ఆయనకి అంతే కచ్చితం. మా నియమం ఒక్కటే: పిలుపు దిగబడిన బండి నుంచే రావాలి. పూర్వం ఎవరి చుట్టమో చెప్పిన మాట పట్టుకుని వీళ్ళు ఒక కొండెక్కితే, బండి వేరే కొండ మీద ఉందట. అప్పటి నుంచి చూసి రావడానికి ఎక్కడికైనా వెళతారు గానీ, పిలుపు లేనిదే తాడు మాత్రం కట్టరు.

మేం వెళ్ళేసరికి బావ బండి తలుపుల దాకా బురదలో కూర్చుని ఉంది. బావ దాని బానెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా మీద ఒక్క చుక్క లేదు.

"ఏటి బావా, దిగబడిపోనావా?" అన్నాను, గొంతులో తేనె కలుపుకుని.

"దిగబడ్డమేటి? ఆపినాను. సల్లగాలి బాగున్నాది."

"సక్రాలు అగుపడ్డం నేదు."

"కొత్త మోడలు. అలాగే ఉంటది."

పెద్దాయన తల పంకించాడు. "ఆపిన బండికి తాడు కట్టం కదా. వంట మొదలెట్టండ్రా."

నాటుకోడి, ఉద్దానం కొబ్బరి, గుప్పెడు జీడిగుండ్లు. ఆ వాసనకి కొండవతల ఒడిశాలో కూడా జనం విస్తళ్ళు వేసుకుని ఉంటారు. గాలి బావ వైపే వీస్తోంది. నేను కావాలనే పొయ్యి అక్కడ పెట్టించాను. బావ గుటకలు మింగడం దూరం నుంచి కూడా కనబడుతోంది. వాన మొదలైంది. బండి ఇంకొంచెం కిందికి దిగింది. ఆయన గొడుగు తీశాడు గానీ నోరు తెరవలేదు. నేను ఫోన్లో రికార్డు బొత్తాం మీద వేలుంచి, కోడికాలు ఎడమచేత్తో తింటున్నాను.

"బావో, ఒక్కమాట. ఆ తరవాత నీకు రెండో కాలు," అన్నాను.

"ఆకలి నేదు," అన్నాడు. ఆయన కడుపు మాత్రం కొండ దద్దరిల్లేలా జవాబు చెప్పింది.

సరిగ్గా అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఆ మలుపులో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది.

"దిగబడిపోనాను బాబో! ములిగిపోతన్నాను! ఎవులైనా రండర్రా!"

కొండలు దాన్ని ఒకదానికొకటి అందించుకున్నాయి. పెద్దాయన చెయ్యి కడుక్కుని లేచాడు.

"బండి నుంచి పిలుపొచ్చింది. లెండ్రా."

"అది నా గొంతండీ!"

"గొంతు ఎవులిదైతేనేటి? బండి నుంచే వచ్చింది. వాన ముదురుతున్నాది, తాడు తియ్యి."

నా వించ్, నా తాడు, నా కేక. తాడు తెగితే ఎదురు తన్నకుండా దాని మీద వేసే తడి గోనె కూడా నాదే. ఆ మూడు గజాల దూరం లాగడానికి నా యంత్రం ఏడ్చినట్టు మూలిగింది. నేను పళ్ళు కొరికిన చప్పుడు దానికంటే పెద్దగా ఉంది. బండి గట్టెక్కింది. బావ దిగి, చొక్కా దులుపుకుని, "నానే తీసుకునీవోణ్ణి. మీకు మాత్రం పొద్దుపోవాల గదా," అన్నాడు.

అంతటితో పోతే నేను ఈ పాటికి సన్యాసుల్లో కలిసేవాణ్ణి. కానీ ఆయనకి తన బండి సత్తువ మాకు చూపించాలనిపించింది. యాక్సిలరేటరు బలంగా తొక్కాడు. బండి లేడిలా ఎగిరి, పది అడుగులు పోయి, గేదెలు పొర్లే మడుగులో గుభేలున పడింది. ఈసారి బానెట్టు మీద కూర్చోవడానికి బానెట్టు కనబడలేదు.

అందరం ఆయన ఫోన్ వైపు చూశాం. ఆయనా చూశాడు. మోగలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఒలే, ఒక్కపాలి ఫోన్ సెయ్యే," అని దాన్నే బతిమాలాడు. పొద్దుట్నుంచీ అక్క ఆపకుండా చేస్తూనే ఉంది, ఛార్జింగు ఐపోయింది.

పెద్దాయన కూర్చున్నాడు. నేను రాయి మీద కూర్చుని, ఫోన్ దేవుడి పటంలా రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాను.

"బావమరిదీ..." అన్నాడు బావ, కిటికీలోంచి.

"వినబడ్డం నేదు బావా. వాన."

"దిగబడి..."

"గట్టిగా!"

బురద కిటికీ అంచు తాకింది. తెల్లచొక్కా మీద మొదటి చుక్క పడింది. అప్పుడు ఆ గొంతు పెగిలింది. "దిగబడిపోనాను బాబో! ములిగిపోతన్నాను! ఎవులైనా రండర్రా!"

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. రెండేళ్ళుగా వింటున్నాడు మరి, కంఠతా వచ్చేసి ఉంటుంది.

లాగాం. కోడికాలు కూడా ఇచ్చాను. మాట తప్పే మనిషిని కాను.

ఇంటికొచ్చి ఆ కేకని రింగుటోను పెట్టుకున్నాక నాకొక సంగతి తట్టింది. నాకు తరచుగా ఫోన్ చేసేది బావ ఒక్కడే. చేసినవాడికి అవతల మోగే మోత వినబడదు. పది రోజులు ఆ కేక నేనూ మా ఆవిడా మాత్రమే విన్నాం. చివరికి ఆమె ఫోన్ని బియ్యం డబ్బాలో పడేసింది.

డబ్బాలోంచి తీసి తుడుచుకుని నందిగాం వెళ్ళాను. వసారాలో బావ, చుట్టూ ఊరి పెద్దలు. సాగునీటి కాలువ మాటలు. ఫోన్ బల్ల మీద, బావ మోచేతి పక్కన, మోత పూర్తిగా పెంచి పెట్టి కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. గంటసేపు కాలువ గురించి నాకు తెలియని సంగతులన్నీ మాట్లాడాను. ఎవరూ చెయ్యలేదు. మా అత్తారి ఊళ్ళో దూరపు చుట్టాలతో సహా నాకు ఫోన్ చెయ్యగల మనుషులందర్నీ మనసులో తిట్టుకున్నాను.

అక్క టీ తెచ్చింది. బల్ల మీద నా ఫోన్ చూసింది. బావ జేబులోది చూసింది. తన తమ్ముడి ఏడుపు రెండేళ్ళు విన్న మనిషి. తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది.

నా ఫోన్ వెలిగింది. "దిగబడిపోనాను బాబో!" అంటూ బావ గొంతు వసారా అంతా నిండింది. పెద్దలు కప్పులు కింద పెట్టారు. బావ టీ తెల్లచొక్కా మీద ఒలికింది. తెర మీద అక్క పేరు కనబడుతోంది. నేను ఎత్తలేదు. చివరి "రండర్రా" దాకా మోగనిచ్చాను.

ఆగింది. వంటింట్లోంచి గరిటె చప్పుడు వినబడింది. మళ్ళీ మోగింది.