పాలు పొంగకముందే పట్టిన నిద్ర

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ రాత్రిపూట. ఊరంతా గుర్రుపెట్టేటప్పుడు తను మేలుకుని, ఊరు లేచాక ఇంటికొచ్చి పడుకోవాలి. వైట్ టౌన్ అంచున ఉన్న మా అద్దె ఇంట్లో ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి హాయిగా సాగింది. మధ్యాహ్నమైతే మా పుదుచ్చేరి షట్టర్లు దించుకుని కునుకు తీస్తుంది. ఆ వేళలో వీధికుక్క కూడా గోళ్ళ చప్పుడు కాకుండా నడుస్తుందని నా గట్టి నమ్మకం.

అంతలో పక్కింటిని గెస్ట్‌హౌస్ చేశారు. పొద్దున ఖాళీ చేసేవాళ్ళు చక్రాల పెట్టెలను రాతి మెట్ల మీద దొర్లిస్తే మా గోడ మీది కేలండరు దానంతటదే నెల మార్చుకునేది. మధ్యాహ్నం దిగినవాళ్ళు మిద్దె మీద పెట్టే పాటలకు మా చారు గిన్నెలో అలలు లేచేవి. మా ఆవిడ నిద్ర తునకలు తునకలైంది. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ, చెయ్యి కంచంలో ఉండగానే తల వాల్చేసింది.

లేపితే, చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అంది. "ఇట్లే ఉంటే ఒకనాడు ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేస్తాను. అంతకుముందే డ్యూటీ మానేస్తా."

ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. దేనికైనా జోకు వేసే నేను ఆ పూట పేపర్లో అద్దె ఇళ్ళ ప్రకటనలు వెతికాను.

అప్పుడు మొదలైంది మా ఇళ్ళవేట. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు అయితే పైనా కిందా మనుషులుండరు, నిశ్శబ్దంగా ఉంటుందని నా సిద్ధాంతం. ఇల్లు చూడ్డానికి మా వెంట ఒక చాప, ఒక దిండు వచ్చేవి. జనం కుళాయి తిప్పి చూస్తారు, తూర్పు ఎటని అడుగుతారు. మేం చాప పరిచేవాళ్ళం. తను పడుకుని కళ్ళు మూసుకునేది, నేను గుమ్మం దగ్గర కాపలా. మమ్మల్ని చూసి ఒక బ్రోకరైతే ఈ వృత్తే మానుకుని తీర్థయాత్రలకు వెళ్ళిపోయాడని విన్నాను. విన్నానంటే, నేనే అనుకున్నాను.

సముద్రం ఒడ్డున పిళ్ళైచావడి దగ్గర ఒకటి చూశాం. అలల జోల బాగానే ఉంది గాని, చేపల బేరం మొదలయ్యాక ఆ జోల ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇంకోచోట బిల్డింగు కొత్తదే, కాకపోతే కట్టడం ఎప్పటికీ పూర్తి కాని జాతి కొత్తది. ఎవరో ఒకరు ఎక్కడో ఒక గోడకు చిల్లి పెడుతూనే ఉంటారు.

చివరికి ఇందిరా నగర్‌లో ఒక ఇల్లు. కింది వాటాలో యజమానురాలైన పెద్దావిడ, పైన ఖాళీ ఫ్లాట్లు. గేటుకు కమ్మితో కట్టిన 'టు లెట్' బోర్డు. పెద్దావిడ పూర్వీకులు ఎప్పుడో ఇటు వచ్చి పొలాలు చేసుకున్న తెలుగువాళ్ళట. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే పక్క ఊరు కడలూరులో కాకులు లేస్తాయి.

"ఏంది నాయనా ఆ చాప?"

చెప్పాను.

"పండుకుని చూస్తారా? ఆ ఇంట్లో ఇంకా పాలు కాచలేదే! పాలు పొంగని కొత్తింట్లో మనిషి పండుకోకూడదు. చాప ఈడ పెట్టి, నిలబడి చూసి దిగండి."

చాపా దిండూ అక్కడే జప్తయ్యాయి. పైకి వెళ్ళాం. గదినిండా కొత్త సున్నం వాసన. నేను వంటిల్లు చూసి వచ్చేసరికి మా ఆవిడ గోడకానుకుని కూర్చుంది. "ఒక్క నిమిషం," అంది. ఆ నిమిషం సగంలోనే పక్కకు ఒరిగి, హ్యాండుబ్యాగు మీద తలపెట్టి, కటిక నేల మీద నిద్రపోయింది.

లేపాలి. చెయ్యి చాచాను, వెనక్కి తీసుకున్నాను. అన్నాళ్ళ తర్వాత ఆ నుదుటి మీద ముడత లేదు.

ఇంతలో మెట్ల మీద పెద్దావిడ. చూసింది, నోరు తెరిచింది. నేను పెదాల మీద వేలు పెట్టాను. ఆ గొంతుకు అడ్డుపడిన తొలి మానవుణ్ణి నేనే అయి ఉంటాను.

ఆవిడ గుమ్మంలోంచి లోపలికి వంగి చూసింది. "రేత్రంతా డ్యూటీ చేసొచ్చిందా?" అని గుసగుసలాడింది. ఆవిడకు గుసగుస కూడా వచ్చన్నమాట. "ఎంత అలిసిపోయిందో బిడ్డ."

సరిగ్గా అప్పుడే పై అంతస్తులో టైల్సు కోసే మిషను గర్జించింది. కింద నుంచి ఒక్క కేక వేస్తే మిషను భయంతో ఆగిపోయేదే. ఆవిడ కేక వెయ్యలేదు. మోకాళ్ళు పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఊపిరి తీసుకుంటూ, పైకెక్కి ఆపించి వచ్చింది.

"మరి పాలు, పెద్దమ్మా?" అన్నాను.

"లేచేలోపల పొంగితే సరిపోతుంది."

"అట్ల ఏ శాస్త్రంలో ఉందో?"

"ఇల్లు నాది. శాస్త్రమూ నాదే. దిగి పొయ్యి తీసుకురాపో."

ఒంటి బర్నరు పొయ్యి, బుడ్డి సిలిండరు, పాలగిన్నె. పసిబిడ్డను మోసినట్టు మోశాను. వంటింట్లో ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. బాడిగ సంగతులన్నీ గుసగుసల్లోనే తేలాయి. గుసగుసగా చెబితే బాడిగ కూడా ప్రేమ కబురులాగే ఉంటుంది. నా ఒక కన్ను పాల మీద, ఒక కన్ను గదిలోకి. ఏ ఆవు పగబట్టి ఇచ్చిన పాలో, ఎంతకీ పొంగవు. తను ఒకసారి కదిలింది. పెద్దావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తను ఇటు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ పడుకుంది.

పాలు అంచు దాటి చుయ్యిమన్నాయి. తను లేవలేదు.

పెద్దావిడ మంట తగ్గించి, పొయ్యికి దండం పెట్టి, ఒక గ్లాసులో పాలు పోసి, మూతపెట్టి తల దగ్గర ఉంచింది. దిగిపోతూ నా చెవిలో అంది:

"ఇంక చాప తెచ్చి కప్పుకో... ఛీ, పరుచు. నా నోరు కూడా నిద్రపోతా ఉండాది. అట్లే ఆ గేటు బోర్డు తీసెయ్. కటింగుప్లేరు వద్దు, చప్పుడవుతుంది. చేత్తో విప్పు."

చాపా దిండూ పైకి తెచ్చి, తన తలకింద దిండు పెట్టి, చాప పక్కనే పరిచి, మళ్ళీ కిందికి దిగాను. గేటు దగ్గర నిలబడి ఆ కమ్మి మెలికలు ఒక్కొక్కటే విప్పాను. వేళ్ళు నొచ్చాయి. నా జీవితంలో ఏ పనీ అంత తీరిగ్గా చెయ్యలేదు.