రెండు గదులకీ ఒకే అడ్రసు

మా బావకి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ మధ్యలో లేచి స్క్రూడ్రైవర్ వెతుక్కునే మనిషి. వాళ్ల పెళ్లి ఫొటోల్లో సగం వాటిలో అక్క ఒక్కతే ఉంటుంది. ఆ సమయానికి ఆయన మైకుసెట్టు అతనికి తెగిన వైరు అతికించి ఇస్తున్నాడట. వీధి చివర చిన్న గదిలో వాషింగ్ మిషన్ల బోర్డులూ, టీవీ బోర్డులూ బాగుచేస్తుంటాడు. పనిలో వంక పెట్టలేం. మనిషితో పని పడితే మాత్రం వెతుక్కుంటూ పోవాల్సిందే.

అక్క అందుకు పూర్తిగా వేరు. ఇంటి వెనక రెండు గదుల్లో గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్ముతుంది. గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. అన్ని రోజులూ గదిలో వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గరే ఉండాలి. ఒక విడత గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చేసరికి ఇంకో విడత సగంలో ఉంటుంది కాబట్టి ఆ గదులకి సెలవనేదే లేదు, అక్కకీ లేదు.

వేడి చూసుకోవడానికి గదికొక మైక్రోకంట్రోలర్ బోర్డు తయారుచేసింది బావే. అరచేతిలో పట్టేంత ఉంటుంది. వేడి తగ్గితే హీటరు వేస్తుంది, పెరిగితే ఆపుతుంది, తేడా వస్తే ఎర్రదీపం వెలిగిస్తుంది. దీపం చూడ్డానికి మనిషి ఉండాలి కదా! రెండేళ్ల కిందట ఒక పూట అక్క బయటికి వెళ్తూ బావని కాపలా పెట్టింది. ఈయనగారు వైరు కొనుక్కొస్తానని వెళ్లి మూడు గంటలకి తిరిగొచ్చాడు. హీటరు స్విచ్చి అతుక్కుపోయి, గది కుంపటిలా వేడెక్కిపోతూ, ఎర్రదీపం దాని మానాన అది వెలుగుతూ ఉంది. ఆరు వందల గుడ్లు పోయాయి. అక్క ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి గదుల తాళాలు ఆయన చేతికివ్వడం మానేసింది, అంతే. తిట్టినా బాగుండేది.

ఈ ఏడాది అక్కకి పిత్తాశయంలో రాళ్లని తేలింది. డాక్టరమ్మ రెండుసార్లు ఆపరేషన్‌కి రోజు ఇచ్చింది. రెండుసార్లూ అక్క గుడ్ల పేరు చెప్పి ఎగ్గొట్టింది. మూడోసారి డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపేసింది. "వాపు ముదిరింది. గురువారం పొద్దున తీసుకురాకపోతే ప్రాణం మీదికొస్తుంది. మీ అక్కకి మీరే నచ్చజెప్పుకోండి" అంది.

నచ్చజెప్పడం ఎవరి తరం? "మూడు రోజులు గదులెవరు చూస్తారు? నువ్వా? కూర్చుంటే కునుకు తీస్తావు. ఆయనా?" అంది అక్క. ఆ "ఆయనా" అన్న ఒక్క మాటకి బావ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు ఆయనే అన్నాడు. "మనిషి దీపం దగ్గరికి రావడం కాదు, దీపమే మనిషి దగ్గరికొస్తే? బోర్డుకి నెట్‌వర్క్ తగిలిస్తాను. తేడా వస్తే ముగ్గురి ఫోన్లూ మోగుతాయి. నువ్వు ఆస్పత్రి మంచం మీద నుంచే చూసుకోవచ్చు."

"ముందు మోగనివ్వండి, తర్వాత చూద్దాం" అంది అక్క.

అది ఆదివారం. ఆ క్షణం నుంచి ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. నేను నా కుట్టుమిషను వాళ్ల వరండాలోకి తెచ్చుకున్నాను. అక్కని కనిపెట్టుకుని ఉండాలని ఒక పక్క, బావ పారిపోకుండా చూడాలని ఇంకో పక్క. మొదట గాలిలో పనిచేసే వైఫై ముక్క పెట్టాడు. ఆ గదుల గోడలకి లోపల రేకులున్నాయి. తలుపు తీసినంతసేపూ మెసేజీలొచ్చాయి, మూయగానే చప్పుడు లేదు. "తలుపు తీసి గుడ్లు పొదగమంటారా?" అంది అక్క. సోమవారం అది పీకేసి, కేబుల్ తగిలించే నెట్‌వర్క్ మాడ్యూల్ పెట్టాడు. గోడకి చిల్లు పొడిచి కేబుల్ లాగాడు. కరెంటు పోయినా బోర్డు మాట్లాడాలని దానికి వేరే బ్యాటరీ ఇచ్చి, పది నిమిషాలకోసారి వేడి ఎంతుందో కూడా చెప్పేలా పెట్టాడు. సాయంత్రానికి నా ఫోను టింగుమంది. "గది 1: 37.6." నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మంగళవారం రెండో గది. అదీ తగిలించాక తిక్క మొదలైంది. ఒకటో గది మాట్లాడితే రెండోది మాట్లాడదు. రెండోది పలికే వేళకి ఒకటోది మూగబోతుంది. కేబుల్ మార్చాడు, బ్యాటరీ మార్చాడు, కేబుళ్లన్నీ వచ్చి చేరే డబ్బా మార్చాడు. షాపుకీ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. నా మిషను మీద దారం నాలుగుసార్లు తెగింది, ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టాను. బుధవారం మధ్యాహ్నానికి అక్క పొట్ట పట్టుకుని గోడకానుకుని అంది. "డాక్టరమ్మకి ఫోన్ చెయ్యవే. వచ్చే వారం వస్తానని చెప్పు."

నాకు తిక్కరేగింది. లేచి వెళ్లి రెండో బోర్డు కేబుల్ పీకి పారేశాను. "గోలైనా వదుల్తుంది!" అని అరిచాను.

ఒకటో గది టింగుమంది. పది నిమిషాలకి మళ్లీ టింగుమంది.

"బావా, ఇది తీసేస్తే అది బాగానే ఉందిగా?"

"రెండూ విడివిడిగా బల్ల మీద బాగానే..." అంటూ ఆగిపోయాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అడ్రసు! అడ్రసు మార్చలేదు!"

సంగతేమిటంటే, నెట్‌వర్క్‌లోకి వచ్చే ప్రతి పరికరానికీ తనదంటూ ఒక అడ్రసు ఉండాలట. కొన్ని పరికరాలకి కంపెనీ వాళ్లే ఇచ్చి పంపుతారు. ఇలాంటి చవక మాడ్యూళ్లకి ప్రోగ్రాంలో మనమే రాయాలి. ఈయన ఒకటో బోర్డు ప్రోగ్రాం మొత్తం రెండోదానిలోకి ఎత్తి, తొందరలో గది పేరు మాత్రం మార్చాడు. రెండు బోర్డులూ ఒకే అడ్రసు చెబుతుంటే ఆ డబ్బా ఎవరి జవాబు ఎవరికివ్వాలో తెలియక, ఎవరు చివర మాట్లాడితే వాళ్లవైపు తిరుగుతోంది. అడ్రసులో చివరి రెండు అంకెలు మార్చాడు. ఐదు నిమిషాల పని! రెండు గదులూ ఒకదాని వెంట ఒకటి టింగుమన్నాయి. రెండు రోజులు మా ప్రాణాలు తీసింది ఆ రెండు అంకెలా అని ఆయన్ని కొట్టబోయాను.

అక్క నమ్మలేదు. తనే రెండో గది తలుపు బార్లా తెరిచి నిలబడింది. మూడు ఫోన్లూ మోగాయి. మూసి, ఒకటో గది తెరిచింది. మళ్లీ మోగాయి. అప్పుడు బట్టల సంచి సర్దుకుంది. తాళాలు మాత్రం నా చేతిలో పెట్టింది. బావ చూసి, కిందపడ్డ వైరు ముక్కలు ఏరుకోసాగాడు.

గురువారం పొద్దున ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. పదిన్నరకి నా ఫోను విడవకుండా మోగింది. "గది 2: 36.8." పరిగెత్తాను. ఆ గది కరెంటు మీట ట్రిప్పై కిందికి వాలి ఉంది. ఎత్తాను. వేడి మెల్లగా ఎక్కింది. గండం గడిచిందని బావకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మళ్లీ చేశాను. స్విచ్చాఫ్! ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్ గదిలో అక్కని వదిలేసి మళ్లీ ఏ వైరు కొనడానికి పోయాడో! పన్నెండింటి దాకా చేస్తూనే ఉన్నాను. చివరికి గదులు తాళం వేసి, ఫోను గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కాను. అక్కలేని ఇంట్లో ఆ గదుల్ని అలా వదిలి వస్తానని కల్లో కూడా అనుకోలేదు.

వార్డులోకి వెళ్లేసరికి అక్క అప్పుడే కళ్లు తెరుస్తోంది. బావ మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. నేను నోరు విప్పేలోపే అక్క అడిగింది. "రెండో గది ఎంతుంది?"

బావ తల దించుకున్నాడు. "తెలీదు. ఫోను ఆపేశాను."

"ఆపేశారా? ఎప్పుడు?"

"నిన్ను లోపలికి తీసుకెళ్లగానే. మోగితే లేచి వెళ్లిపోతానని భయమేసింది. నా సంగతి నాకు తెలుసుగా. గుడ్లు పోతే పోనీ అనుకున్నాను."

"ఇక్కణ్ణుంచి కదల్లేదమ్మా, టీకైనా వెళ్లమంటే వినలేదు" అంది పక్క మంచం ఆవిడ. తిడదామని దారంతా కూడగట్టుకున్న మాటలు పక్కనపెట్టి, "గది 2: 37.5" అని ఉన్న ఫోను అక్క ముందు పెట్టాను.

అక్క ఫోను వైపు చూడకుండా ఆయన్నే చూసింది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు దిండులోకి కారాయి.

"ఇన్నేళ్లకి ఒకచోట కూర్చున్నారన్నమాట" అంది. "దానికి నా పొట్ట కోయించుకోవాల్సొచ్చింది."