చర్చికెళ్ళిన రోజు మాత్ర

మా అత్త పెరట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడు, కట్టు విప్పాక శ్రీకాకుళం ఎముకల డాక్టరు రెండు మందులు రాశాడు. కాల్షియం రోజూ భోజనం తర్వాత. విటమిన్ డి మాత్ర మాత్రం వారానికి ఒక్కటే, ఎనిమిది వారాలు. ఆ వారం సంగతి ఆయన రెండుసార్లు చెప్పాడు. డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, నాకు రెండుసార్లు చెప్పాలా అని ఒళ్ళు మండింది.

అత్తకి చదువు రాదు. బుధవారమో గురువారమో అక్కర్లేదు, ఆవిడకి వారమంటే చర్చే. అందుకని తిరుగు బస్సులోనే తేల్చేశాను. చర్చికెళ్ళి వచ్చిన రోజున ఈ పెద్ద మాత్ర వేసుకో, అంతే. ఇంత తేలిక ఉపాయం ఆ డాక్టరుకి తట్టలేదని మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

రెండు ఆదివారాలు బాగానే గడిచాయి. తర్వాత మా చర్చిలో ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. అత్త పగలంతా పస్తుండి, సాయంత్రం ప్రార్థనకి వెళ్ళొచ్చి, గంజి తాగి మాత్రలు వేసుకునేది. పైగా స్త్రీల సమాజంలో ఒకావిడ ఎముకల బలానికని అంటగట్టిన పొడి కూడా పాలల్లో కలుపుకునేది. నేను వంటగదిలోంచి చూసి, కాల్షియమే కదా అనుకునేదాన్ని. మధ్యలో మాత్రలు అయిపోయాయంటే మా ఆయన పాత చీటీ పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చాడు. అప్పుడే ఎలా అయిపోయాయని ఆయనా అడగలేదు, షాపువాడూ అడగలేదు.

పది రోజులు దాటేసరికి అత్తకి ఆకలి పోయింది, మలబద్ధకం పట్టుకుంది. చెంబులకొద్దీ నీళ్ళు తాగేది. ఉపవాసం వల్లే అనుకున్నాం అందరం. ఈ వయసులో పస్తులేమిటని నేను దెబ్బలాటకి దిగితే, "దేవుడి కోసం నాను పస్తుంటే నీ కడుపు కాలతాదేటే?" అంది.

ఒక పొద్దున్న వాంతి చేసుకుని గోడకి చేరబడిపోయింది. ఏం మందులు మింగుతోందో చూద్దామని డబ్బా తీస్తే, రెండు నెలల పెద్ద మాత్రలూ ఖాళీ, కొత్తవి కూడా సగం పైగా లేవు. ఎప్పుడు వేసుకున్నావత్తా అంటే, చర్చికెళ్ళిన రోజల్లా అంది. రోజూ వెళ్తూనే ఉంది కదా! ఆవిడకేమైనా అయితే కారణం నేనే.

అయినా డాక్టరు దగ్గరికెళ్ళే ఆటోలో కూర్చుని నేను తయారుచేసుకున్నది షాపువాడి మీద ఫిర్యాదు. నా బుద్ధి అలాంటిది.

ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మని డాక్టరు ఫోన్లోనే చెప్పాడు కాబట్టి సంచీ బల్ల మీద బోర్లించాను. పొడి డబ్బా తిప్పి చదివి, ఇందులోనూ విటమిన్ డి ఉందమ్మా అన్నాడు. అది ఒంట్లో కొవ్వులో నిల్వ ఉండిపోతుందట, ఎక్కువైంది వెంటనే బయటికి పోదట. ఎముకలకి మంచిదే కదా, రెండు ఎక్కువేస్తే ఏటవుతాది అని అత్త అడిగింది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు పాడవుతాయని ఆయన ఓపిగ్గా చెప్పాడు. తర్వాత అడిగాడు, ఇలా రోజూ వేసుకోమని ఎవరు చెప్పారని.

అత్త నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవలూ సెప్పలేదు బాబూ. పెద్దదాన్నయిపోనాను, మర్సిపోయి ఏసీసినాను."

షాపువాడి మీద కూర్చుకున్న మాటలన్నీ వదిలేశాను. "చెప్పింది నేనండీ," అన్నాను. ఉపాయం సంగతంతా చెప్పాను. డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు. ఈసారి రోజు పేరు చెప్పండి, చాలు అన్నాడు.

రక్తపరీక్షలో కాల్షియం కొంచెం పెరిగింది, మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. మూడూ ఆపించి, నీళ్ళు బాగా తాగమన్నాడు. ఉపవాసం మానమంటే అత్త డాక్టరు మాట విని మానేసింది. నా మాటైతే వినేది కాదు. ఇంటికొస్తూ ఆటోలో, "నీ తప్పని నీ నోటితో అనడం పెళ్ళయినకాడి నుంచి ఇదే ఇనడం," అంది.

కొన్ని వారాలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే అంతా సరిపోయింది. ఆకలి తిరిగొచ్చి, నెత్తళ్ళ పులుసులో ఉప్పు చాలలేదని వంక పెట్టే దశకి వచ్చింది. ఇంకొన్నాళ్ళు పోయాక డాక్టరు కాల్షియం మళ్ళీ మొదలుపెట్టి, పెద్ద మాత్ర నెలకొకటి చాలన్నాడు. పొడి వద్దన్నాడు. అమ్మినావిడకి ఆ మాట చెప్పే పని నేనే సంతోషంగా తీసుకున్నాను.

నెలకోసారంటే, చర్చిలో నెలనెలా ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారం వేసుకుంటానంది అత్త. చెప్పొద్దూ, నాకూ ఆ ఆలోచనే వచ్చింది. నోరు మూసుకుని, క్యాలెండరులో ప్రతి ఒకటో తారీఖు చుట్టూ సున్నా చుట్టి, మాత్రలు నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఒకటో తారీఖున అన్నం తిన్నాక అత్త నీళ్ళ గ్లాసు పట్టుకుని బీరువా దగ్గర నిలబడుతుంది. "ఏటే, షాపు తెరుస్తావా, నన్నెల్లిపొమ్మంతావా?" అంటుంది. తాళం తీసి చేతిలో ఒకటే పెడతాను, మింగేదాకా అక్కడే ఉంటాను.