రాజుకు ఒక్క దూకు

దేవుని గూట్లోంచి చదరంగం పెట్టె దించినప్పుడల్లా కర్పూరమూ ఆముదమూ కలిసిన వాసన వస్తుంది. వానలు పడకముందే తాత ఆ చెక్క పావులకు ఆముదం పట్టించి, పురుగు పట్టకుండా పెట్టెలో కర్పూరం బిళ్ళ వేసేవాడు. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. ఇంత మాత్రం నా చేతికి అప్పజెప్పినందుకు దేవునికి దండం పెట్టుకుంటాను.

మాది ఎల్లారెడ్డి. చిన్నప్పుడు ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, పొద్దుటి శ్లోకాలు అన్నీ తాతే చెప్పాడు. వాన ముసురులో మక్కకంకులు నిప్పుల మీద చిటపటలాడుతుంటే, అవ్వ వాటికి ఉప్పూకారం రాసి చేతికిస్తుంటే, తాత అన్ననూ నన్నూ చెరోవైపు కూర్చోబెట్టి, దోమకొండలో తన మేనమామ నేర్పిన ఆటను, మంత్రిని వజీరు, గుర్రాన్ని ఘోడా, బంటును ప్యాదా అంటూ మాకు నేర్పాడు. ఆ ఆటలో రాజుకు ఒక వరం ఉండేది. ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు.

తెలంగాణ ఉద్యమం బందులు నడుస్తున్న రోజుల్లో కామారెడ్డి ఫంక్షన్ హాలులో పిల్లల పోటీ పెట్టారు. బాపు ముందే అన్నతో చెప్పాడు: "గెలిస్తే హైదరాబాద్ల నేర్పిస్త. లేకుంటే ఆట బందు." అన్న ఆఖరి ఆట దాకా గెలుస్తూనే వచ్చాడు. ఆ ఆటలో ఇరుకున పడి, నిశ్చింతగా రాజును ఎత్తి గుర్రంలా దూకించాడు.

పోటీ నడిపే సారు వచ్చి ఆపాడు. "రాజు దూకుడేంది బిడ్డా?"

"ఒక్కసారి దూకొచ్చు సార్. మా తాత చెప్పిండు."

ఎదుటి పిల్లవాని తండ్రి నవ్వాడు. "ఎల్లారెడ్డి రాజులకు గుర్రాలతోని పనే లేనట్టుంది."

ముట్టిన పావునే కదపాలన్నారు. అన్న రాజును ఒక్క గడి జరిపాడు, ఓడిపోయాడు. ఇంటికొచ్చాక బాపు తాతతో అన్నాడు: "ఏందే నాయినా, అందరి ముంగట పోరన్ని నవ్వులపాలు జేస్తివి గద. ఇగ చాలు, వాని సదువు వాన్ని సదువుకోనీ."

"మా దగ్గర గట్లనే ఆడుదురు," అని మాత్రం అన్నాడు తాత.

నాకు ఏమీ అర్థం కాలేదు. తాత చెప్పిన ఆట తప్పయితే, ఆయన చెప్పిన మిగతావి? ఎక్కాలు, అక్షరాలు, రోజూ నేను కళ్ళు మూసుకుని చదివే శ్లోకం? నాకు వేరే గురువు లేడు, అడగడానికి వేరే బడి లేదు. మర్నాడు అరుగు మీద చింతగింజలు కుప్పలు కుప్పలుగా పోసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవే?" అంది అవ్వ.

"తాత చెప్పిన ఎక్కాలు నిజమో కాదో చూస్తున్న."

గడపలో తాత ఉన్నాడని నేను చూడలేదు. ఆయన వచ్చి గింజల పక్కన చతికిలబడ్డాడు. "చూడు బిడ్డా. తప్పుంటే చెప్పు, దిద్దుకుంట."

ఎక్కాల్లో తప్పు దొరకలేదు. ఆ వారమే తాత కామారెడ్డి బస్సెక్కి తెలుగులో ఉన్న చదరంగం నియమాల పుస్తకం తెచ్చాడు. చూపు ఆనదని నాచేత చదివిస్తూ, అన్నను ఎదురుగా పెట్టుకుని, ఆ వయసులో ఆట మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. పాత అలవాటున రాజును పట్టుకున్న చెయ్యి దూకబోయి గాల్లో ఆగిపోయేది. ఇన్నేళ్ళు నేర్పిన మనిషి ఎందుకు నేర్చుకుంటున్నాడో, అలా ఆగిన చేతిని చూస్తే నాకు ఏడుపెందుకు వచ్చేదో తెలిసేది కాదు. గుమ్మానికి ఆనుకుని కొన్నాళ్ళు చూసిన బాపు, ఒకనాడు చెప్పులు విడుస్తూ అడిగాడు: "మల్ల పోటీ ఎప్పుడున్నదట?"

తెలంగాణ వచ్చిన ఏడు అన్న హైదరాబాద్‌లో నేర్చుకోవడానికి పోయాడు. తర్వాత దేశాలు తిరిగాడు, గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఇప్పుడు ఆ అరుగు లేదు, అవ్వ కంకులు కాల్చిన పొయ్యి లేదు, వజీరు అనేవాళ్ళూ లేరు. తాత నేర్పింది తప్పో, వేరే ఆటో నాకిప్పటికీ తేలలేదు. నేర్పినందుకు మాత్రం దండం పెడతాను.

మొన్న ఎండాకాలం అన్న వచ్చి పెట్టె దించమన్నాడు, ఇద్దరం ఆటకు కూర్చున్నాం. మాటల్లో పడి చూసుకోలేదో, కావాలనే చేశాడో, అతని రాజు మూలన ఇరుక్కుంది. కాసేపు చూసి, రాజును ఎత్తి గుర్రంలా దూకించాడు.

"ఒక్కసారే గద చెల్లే," అన్నాడు.

నేను తప్పనలేదు. నా రాజుకూ ఆ దూకు ఇంకా మిగిలే ఉంది.