నాలుగు మూలల బొట్లు

ఉద్యోగం కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసే ఆ కాలంలో, డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడికీ తను కాస్త గొప్పవాడినేమోనన్న అనుమానం ఉండేది. నాకు అనుమానం కాదు, గట్టి నమ్మకం. మదనపల్లెలో బియస్సీ కెమిస్ట్రీ చదివి, పుంగనూరులో మా మామ నడిపే ఫోటో స్టూడియోలో చేరాను. ఇంకే పనీ దొరక్క చేరానన్నది అసలు సంగతి. అయినా ఎవరైనా అడిగితే "ఫోటోగ్రఫీలో పరిశోధన చేస్తాండా" అని కాలరు సర్దుకునేవాణ్ణి. (ఆ పరిశోధనలో ముఖ్యభాగం పెండ్లిళ్ళలో మామ వెనకాల లైటు పట్టుకోవడం.) ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆ గర్వంలో సగం తెచ్చిపెట్టుకున్నదే. మిగతా సగానికి మాత్రం సాక్ష్యం ఈనాటికీ మా ఇంటి గోడమీద వేలాడుతోంది.

కాలేజీలో మాకు ల్యాబు నేర్పి రిటైరైన సారొకాయన మదనపల్లెలోనే ఉండేవారు. ఏ ఉప్పునైనా చూడగానే పేరు చెప్పేవారు గనక మేమంతా ఉప్పు సారు అనేవాళ్ళం, ఆయనకు వినపడనంత దూరంలో. ఆయన దగ్గర అట్టలూడిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. అందులో పలాడియం అనే లోహంతో ఫోటోలు వేసే పద్ధతి ఉంది. మామూలు స్టూడియో ఫోటో వెండితో తయారయ్యేది, సరిగ్గా కడగకపోతే నాలుగేళ్ళకే వెలిసిపోయేది. పలాడియంతో వేసింది కాగితం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. సారు ఏనాడో తెప్పించుకున్న పలాడియం ఉప్పు చిన్న సీసాలో మిగిలి ఉంది. కానీ కళ్ళల్లో శుక్లాలు దిగాయి, చేయి వణుకుతోంది. ఒక ఆదివారం నన్ను పిలిపించి ఆ సీసా నా చేతిలో పెట్టారు. "మూడు ప్రింట్లకు వస్తాదప్పా. నా కండ్లు పూర్తిగా పోకముందే ఒక్క మంచి ప్రింటు చూడాలని ఉండాది. చెడిపోయినా పర్వాలేదులే అని నేను అనను. ఇది అయిపోతే మళ్ళీ తెప్పించేది నా వల్ల కాదు" అన్నారు. నేను సీసాను జేబులో కాకుండా పిడికిట్లో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను.

పద్ధతి వినడానికి సులువే. ఇనుపలవణం ద్రావణంలో పలాడియం చుక్కలు కలిపి, మందపాటి డ్రాయింగు కాగితం మీద కుంచెతో పూయాలి. పూస్తే కాగితం అచ్చం పసుపు రాసినట్టుంటుంది. దాన్ని చీకటి గదిలో ఆరబెట్టి, మీద నెగటివ్ పరిచి, అద్దం బిగించి ఎండలో పెట్టాలి. మొదటి కాగితాన్ని నేను ఆగలేక నిప్పుల కుంపటి మీద ఆరబెట్టాను. మొత్తం నల్లగా మాడిన దోసెలా తయారైంది. రెండోసారి మామ ఫోటోనే వేసి మెప్పు పొందుదామనుకున్నాను. ఎండలో పెట్టాక ఎంతవరకు వచ్చిందో చూద్దామని మాటిమాటికీ ఫ్రేము తెరిచాను, నెగటివ్ పక్కకు జరిగింది. మామకు రెండు ముక్కులొచ్చాయి. (మీసం మాత్రం బాగా దట్టంగా కుదిరింది.) మామ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "నాకు రెండు ముక్కులు పెట్టేకి బియస్సీ యాలరా? నీ పసుపు నీళ్ళు తీసుకోని కుప్పం పో. మీ అవ్వకు ఎన్ని ముక్కులు పెట్టుకుంటావో పెట్టుకో" అన్నాడు.

కుప్పంలోనే మా ఇల్లు. వసారాలో అవ్వా తాతల పెద్ద ఫోటో ఒకటి ఉండేది, మా నాన్న పసివాడుగా ఉన్నప్పుడు తీయించింది. అందులో మొహాలు ఎప్పుడో వెలిసిపోయాయి. తాత తలపాగా, కుర్చీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంటికెవరొచ్చినా అవ్వ దాన్ని చూపించి "మేము ఈడ ఉండాం గానీ ఆడ ల్యాం సూడు" అని నవ్వేది. ఆ నవ్వు వెనక బాధ ఉందని నాకు తెలుసు, ఎందుకంటే తుడిచేటప్పుడు ఆ మొహాలున్న చోట మాత్రం గుడ్డ ఆనించేది కాదు. ముందటేడు వాళ్ళు పుంగనూరు వచ్చినప్పుడు మామ పెద్ద కెమెరాతో నేనే తీసిన గాజు నెగటివ్ నా దగ్గరుంది. "నేనేసే ఫోటో ఎలిసిపోదవ్వా. నీ మునిమనవళ్ళు గూడా సూస్తారు" అన్నాను. "ముందు వాళ్ళమ్మను తీసుకోని రాప్పా" అంది అవ్వ. ఆ మాటను నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే చెనిక్కాయల మూటలుండే గదిలో, కిటికీ లేని ఆ చీకట్లో, సీసాలో మిగిలిందంతా కాగితానికి పూశాను. ఈసారి కుంపటి జోలికి పోలేదు. ఆరడానికి మూటల మధ్య పలక మీద పెట్టి, ఎండ ఎలా ఉందో చూడటానికి మిద్దెక్కి కాసేపు అక్కడే ఉన్నాను. దిగి వచ్చేసరికి అవ్వ కుంకుమ భరిణెతో ఆ గదిలోంచి వస్తోంది. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "దొంగోడా! పసుపు పూసిన కాగితం మూటల సందున దాచిపెడ్తే నాకు తెలీదనుకుంటివా? పెండ్లి పత్రికకు పసుపు పూసినోడివి బొట్టు పెట్టకుండా ఎట్ల ఇడిస్తివప్పా? ఎవురి బిడ్డ?" లోపలికి పరుగెత్తాను. నా ఆఖరి కాగితం నాలుగు మూలలా నాలుగు ఎర్రటి బొట్లు, తడి వేలితో గట్టిగా ఒత్తి పెట్టినవి.

నేను మూటమీద కూలబడి ఏడ్చినంత పనిచేశాను. సంగతంతా చెబితే అవ్వకు మొదట అర్థమైంది పెండ్లి లేదని. (అప్పటికే పక్కింటికీ ఎదురింటికీ చెప్పేసి వచ్చింది పాపం.) తర్వాత నెమ్మదిగా, "అయితే నాయనా, మా ఫోటో పాయనా?" అంది. ఆ గొంతు విన్నాక కాగితాన్ని పారేసే ఆలోచన మానుకున్నాను. కుంకుమ పొడిని మెల్లగా ఊదేసి, నెగటివ్ పరిచి, అద్దం బిగించి మిద్దెమీద ఎండలో పెట్టాను. తాత కర్ర పట్టుకుని కాకుల్ని తోలాడు. అవ్వ నా చేతులకు కాపలా కాసింది. రెండు ముక్కుల కథ అవ్వకూ చెప్పానుగా, ఫ్రేమువైపు నా చేయి పోయినప్పుడల్లా "తెరవద్దు" అని కసిరేది. సారు చెప్పిన సమయం అయ్యాక ముగ్గురం గదిలోకి దిగాం. కాగితాన్ని ట్రేలో పెట్టి మందు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించాను. కన్ను మూసి తెరిచేలోగా అవ్వా తాతా ఇద్దరూ గోధుమరంగులో, ఒక్కొక్క ముక్కుతో, నిండుగా వచ్చి కూర్చున్నారు. నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి కడిగితే కుంకుమ పసుపురంగుకు తిరిగి కరిగిపోయింది. బొట్ల కింద ఎండ తగలలేదు గనక మూలల్లో నాలుగు తెల్లటి గుండ్రటి మచ్చలు నిలిచాయి. అవ్వ చాలాసేపు వంగి చూసి, "ఇప్పుడు ఆడ గూడా ఉండాం" అంది. తాత తలపాగా సర్దుకున్నాడు.

నాకు మాత్రం ఆ మచ్చలు కంట్లో నలుసుల్లా ఉన్నాయి. సారుకు మచ్చలేని ప్రింటు చూపించాలని, స్కేలూ బ్లేడూ తీసి అంచులు కోసెయ్యబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని "శుభానికి పెట్టింది కొయ్యద్దప్పా" అంది. ముఖం ముడుచుకుని బ్లేడు పక్కన పడేశాను. మదనపల్లెలో సారు ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దంతో అవ్వ చీర అంచు మడతలు, తాత చేతి నరాలు ఒక్కొక్కటే చూశారు. చివర్న మూలలకొచ్చి "ఇవేమప్పా?" అన్నారు. చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఇది నా పుస్తకంలో ల్యా. నీ రికార్డులో రాసుకో. ప్రింటు వచ్చిందిరా, బాగా వచ్చింది" అన్నారు. కాలేజీలో మూడేళ్ళూ ఆ నోట 'బాగా' అన్న మాట నేను వినలేదు. ఆ రోజు పుంగనూరు దాకా బస్సులో సీటున్నా నిలబడే వచ్చాను.

తర్వాత నాకు నిజంగానే పెండ్లయింది, నిజమైన పత్రికకూ అవ్వే బొట్లు పెట్టింది. మామ తీసిన ఆ రంగుల ఫోటోలన్నీ ఇప్పుడు ఎర్రబారి, ఎవరెవరో పోల్చుకోలేనట్టున్నాయి. సారూ లేరు, అవ్వా తాతా లేరు. పలాడియం ఫోటో మాత్రం చెప్పిన మాట నిలబెట్టుకుంది, మునిమనవళ్ళు చూస్తున్నారు. వాళ్ళు మొహాలు చూస్తారు. నేను రోజూ చూసేది మూలల్ని. మొహాలు నేను వేసినవి, ఆ నాలుగూ అవ్వ తన వేలితో వేసినవి. వాటి మీద నా వేలు పెట్టి చూసుకుంటాను, నా వేలికి అవి కాస్త చిన్నవి. బ్లేడు పట్టుకుని మూతి ముడుచుకున్న ఆ బియస్సీవాణ్ణి తలుచుకుని నవ్వుకుని, ఆ చెయ్యి పట్టుకుని ఆపినావిడకు మనసులోనే దండం పెట్టుకుంటాను.