షెడ్డులో చీలిన లెన్సు

ఫిల్మ్ నగర్‌లో మేము అద్దెకున్న ఇంటి ఓనరును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన సినిమా నిర్మాత. తొంభైల మొదట్లో ఆయన కారు షెడ్డునే వర్క్‌షాపుగా చేసుకుని, ఒక కొండమీది టెలిస్కోపు కోసం పరారుణ కెమెరా తయారుచేస్తుండేదాన్ని.

పరారుణమంటే ఎరుపు దాటాక మన కంటికి ఆనని కాంతి. చిక్కేమిటంటే, వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ ఎంతోకొంత ఆ కాంతిని వెదజల్లుతుంది, కెమెరా పెట్టెతో సహా. అందుకని లోపలి గాలంతా తీసేసి, ద్రవ నైట్రోజన్‌తో పెట్టెను చల్లబరచాలి. ఆ చలికి లెన్సు చుట్టూ ఉండే అల్యూమినియం చట్రం, లెన్సుకన్నా ఎక్కువ కుంచించుకుపోయి దాన్ని నొక్కేస్తుంది. లెన్సు నలగకుండా స్ప్రింగుల మీద నిలిచే పట్టీ ఒకటి డిజైన్ చేశాను. ఎన్నిసార్లు చెరిపి గీశానో నాకే తెలియదు.

సినిమా పాటలో పొగ కోసం ఆ నైట్రోజన్ ఇమ్మని ఓనరు ముందే అడిగాడు. ఇవ్వనన్నాను.

అన్నీ బిగించి మొదటిసారి చల్లబరిచిన రోజు భోజనానికి పైకి వెళ్లాను. దిగివచ్చేసరికి షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. నైట్రోజన్ డబ్బా లేదు. కెమెరా వాల్వు తిప్పేసి ఉంది. బయటి గాలి ఒక్కసారిగా దూరి లెన్సంతా మంచు పట్టింది. నెలల తరబడి ఎదురుచూస్తే విదేశం నుంచి వచ్చిన లెన్సు, అడ్డంగా చీలిపోయింది.

"ఎవరొచ్చారు?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"ఓనర్ సారే మేడం. ఇంకో తాళంచెవి ఆయన దగ్గరున్నది గద. గా పెట్టెల గూడ గ్యాసు ఉంటదేమోనని ఆయన మనుషులు తిప్పి చూసిండ్రు."

జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్ జరుగుతోందని చెప్పాడు. ఆటోలో వెళ్లాను. నా నైట్రోజన్‌ని వేడినీళ్లలో పోస్తున్నారు. మోకాళ్లెత్తు తెల్లటి పొగలో హీరోయిన్ నడుస్తోంది.

"ఓ గాజు బిళ్ళకి ఇంత గొడవేంటమ్మా? మద్రాసు నుంచి ఇంకోటి తెప్పిస్తాలే" అన్నాడు ఓనరు, కుర్చీలోంచి లేవకుండా.

"అది మద్రాసులో దొరకదండీ. అయినా నేను వద్దన్నాక తాళం ఎలా తీశారు?"

"నా షెడ్డులోకి నేను రావడానికి నీ పర్మిషన్ కావాలా?"

"షెడ్డు మీది. లోపలున్నది మీది కాదు."

యూనిట్ అంతా వింటుండగానే అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. క్షమాపణ మాత్రం ఆ నోట రాలేదు. ఆ వారమే ఇల్లు ఖాళీ చేసి, రహమత్ నగర్‌లో ఒక లేతు షాపు వెనకగదికి కెమెరా సామాను మార్చాను. కొత్త లెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కెమెరా టెలిస్కోపుకెక్కింది, నా పట్టీ చలికి తట్టుకుంది.

కొన్నేళ్లకు బంజారా హిల్స్‌లో ఒక పెళ్లి విందులో ఆయన ఎదురయ్యాడు. నలుగురిలో నన్ను చూపించి, "ఈ అమ్మాయి కెమెరా మా ఇంట్లోనే తయారైంది" అన్నాడు గర్వంగా.

"తయారైంది ఇంకోచోటండీ. మీ ఇంట్లో పగిలింది" అన్నాను.

పక్కవాళ్లు ప్లేట్లలోకి చూసుకున్నారు. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నేను వెళ్లి ఇంకొంచెం పప్పు వడ్డించుకున్నాను.